సైరన్ ఇంటికి చదరంగం వచ్చింది

ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆవిడ సైరన్. చాటుగా పెట్టిన పేరు కూడా కాదు. ముఖాన్నే అనేవాళ్ళు, ఆవిడా "ఆఁ, చెప్పండి" అని పలికేది. మూడంతస్తుల భవనం కింద, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న సన్నటి గదిలో ఆవిడ సెలూన్ నడిపేది. రెండు కుర్చీలు, గోడంత అద్దం, ఎప్పుడు చూసినా హోరుమనే డ్రయ్యరు. ఆ హోరు మీదుగా మాట్లాడీ మాట్లాడీ తన గొంతు అలా తయారైందని సైరన్ చెప్పుకునేది. వాళ్ళమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. "నువ్వు పుట్టిన రోజే ఆసుపత్రిలో మూడు వార్డులు లేచి కూర్చున్నాయి, డ్రయ్యరు మీద పెట్టకు" అనేది.

కుర్చీలో కూర్చున్న మనిషిని సైరన్ ప్రశ్న అడిగేది. జవాబు కూడా తనే చెప్పేది. "చివర్లు మాత్రం తీసెయ్యమంటారా? వద్దులెండి, మీ మొహానికి పొట్టిగా ఉంటేనే బావుంటుంది." ఆ మనిషి నోరు తెరిచేలోగా కత్తెర పని కానిచ్చేసేది. చెయ్యి మంచిది కాబట్టి ఎవరూ గొడవ పెట్టుకునేవాళ్ళు కారు.

సెలూన్‌కి సరిగ్గా పైన, రెండో అంతస్తులో కాపురం. అమ్మ, సెల్‌ఫోన్లు బాగుచేసే తమ్ముడు, అయిదో తరగతి చదివే కూతురు బుజ్జి, సిటీ బస్సు నడిపే భర్త. మొగుడిని పక్కన పెడితే మిగతా నలుగురివీ ఒకే గొంతులు. ఆ ఇంట్లో మొదలైన వాక్యం చివరిదాకా బతికి బట్టకట్టిన దాఖలా లేదు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు లాక్కునేవాళ్ళు, మూడోవాళ్ళు దాన్ని వేరే దారి పట్టించేవాళ్ళు, నాలుగోవాళ్ళు అసలు సంగతేమిటని అరిచేవాళ్ళు. అది పోట్లాట కాదు. వాళ్ళ ప్రేమ అలాగే ఉండేది. భోజనాల వేళ మెట్ల మీద వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ తలుపు ముందు కాస్త వేగంగా నడిచేవాళ్ళు.

భర్తని అందరూ నోట్లో నాలుక లేని మనిషనేవాళ్ళు. పెళ్ళయిన కొత్తల్లో ఆయనా ఏవేవో చెప్పబోయేవాడు. "నిన్న మా రూట్లో ఒక ముసలాయన..." అనగానే సైరన్, "ముసలాళ్ళని ముందు తలుపు నుంచే ఎక్కించుకోవాలండీ, ఎన్నిసార్లు చెప్పాలి" అనేది. ఆ ముసలాయన ఏమయ్యాడో ఆ ఇంట్లో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. పోను పోను ఆయన "చూద్దాంలే" అనే ఒక్క మాటతో సంసారం ఈదడం నేర్చుకున్నాడు.

బుజ్జి తల్లిని పుణికిపుచ్చుకుంది. బళ్ళో టీచరు "ఒక రైలు గంటకు..." అని మొదలుపెట్టగానే "అరవై!" అని అరిచేది. టీచరు ఇంకా రైలు ఎటు వెళ్తోందో కూడా చెప్పి ఉండేది కాదు. పక్క పిల్లల జవాబులూ తనే చెప్పేసేది. క్యారమ్స్‌లో ఓడిపోతే బల్ల తిరగేసేది. ఒకసారి ఇంకో పిల్ల మాట్లాడుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టి మరీ తన మాట చెప్పింది. ఆ రోజు సైరన్‌ని బడికి పిలిపించారు.

"మీ అమ్మాయికి బుర్ర లేక కాదండీ" అంది క్లాసు టీచరు. "ఉన్న బుర్రని ఒక్క క్షణం కూడా వాడనివ్వదు."

పక్కనే ఉన్న లైబ్రరీ టీచరు, సన్నటి గొంతు మనిషి, "సాయంత్రాలు నా దగ్గర చదరంగం ఆడిస్తాను, పంపండి" అంది.

సైరన్‌కి నచ్చలేదు. "ఆటంటే పరుగులుండాలి, కేకలుండాలి. గంటల తరబడి కొయ్యబొమ్మల్ని చూస్తూ కూర్చోవడం ఆటేంటండీ, పరీక్షలా ఉంది. మా పిల్ల మూగదైపోతుంది" అంది. కానీ ఆ సాయంత్రాల్లో సెలూన్ కిటకిటలాడుతుంది, బుజ్జి కిందకి దిగితే వచ్చినవాళ్ళ జుట్ల మీద తీర్పులు చెబుతుంది. పోనీలే, ఆ గంటా కాళ్ళకి అడ్డం రాదు అనుకుని ఒప్పుకుంది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం బుజ్జి బడి నుంచి రాగానే సైరన్ వంటింట్లోంచి, "పాలు తాగుతావా, పళ్ళు తింటావా?" అని కేకేసింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. పిల్ల బల్ల ముందు కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గోడ వైపు చూస్తోంది.

"ఏమే, నీతోనే!"

"ఉండమ్మా" అంది బుజ్జి. ఇంకాసేపు గోడని చూసింది. "పాలు తాగితే కడుపు నిండిపోతుంది. అప్పుడు రాత్రి అన్నం సరిగ్గా తినను. నువ్వు అరుస్తావు, అమ్మమ్మ నిన్ను అరుస్తుంది. పళ్ళే పెట్టు."

సైరన్ గరిటె బల్ల మీద పెట్టి పిల్ల నుదురు పట్టుకు చూసింది. చల్లగానే ఉంది. నాలుక చాపమంది, చాపింది. బాగానే ఉంది. తల్లిని పిలిచింది, తమ్ముణ్ణి పిలిచింది. ముగ్గురూ పిల్ల చుట్టూ చేరి తలా ఒక ప్రశ్న వేశారు. బుజ్జి ఒక్కొక్కరి వంకా చూసి, కాసేపు ఆగి, అప్పుడు చెప్పింది. ముసలావిడ గుండె మీద చెయ్యి వేసుకుని కూలబడింది. "దీనికేదో అయిందే!" అంది.

అప్పటికప్పుడు పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

"ఏమైందండీ?" అన్నాడాయన.

"ఆలోచిస్తోందండీ!" అంది సైరన్.

డాక్టరు ఒక్క క్షణం తను విన్నది సరిగ్గానేనా అన్నట్టు చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఇవాళే బయటపడిందండీ. ఏమడిగినా వెంటనే చెప్పట్లేదు. ముందు ఆగుతోంది, తర్వాత చెబుతోంది."

ఆయన బుజ్జి కళ్ళూ చెవులూ చూశాడు, చదరంగం సంగతి విన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాడికి ఈ జబ్బు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం. ఆ లైబ్రరీ టీచరు గారు బయటి పిల్లల్ని కూడా చేర్చుకుంటారా?" అన్నాడు. సైరన్‌కి ఒళ్ళు మండింది. మందు రాయకుండా పంపించిన డాక్టరు కూడా ఒక డాక్టరేనా అని దారంతా గొణుగుతూనే ఉంది.

రెండో దెబ్బ బడుల మధ్య చదరంగం పోటీలనాడు తగిలింది. హాలు నిండా వరసగా బల్లలు, బల్లకి అటొకరూ ఇటొకరూ పిల్లలు. అంతమంది పిల్లలున్న చోట సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. సైరన్‌కి ఊపిరాడలేదు. బుజ్జి గుర్రాన్ని ముట్టుకోగానే, "అది కాదే, ఆ పక్కది!" అని కేక పెట్టింది. చదరంగం గురించి ఆమెకి తెలిసింది గుండు సున్నా. అయినా ఊరుకోలేకపోయింది. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి మర్యాదగా ఆమెని బయటికి నడిపించి తలుపు వేశారు.

ఆమె కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. బుజ్జి ఓడిపోతోంది. ఎదురుగా ఉన్న పెద్ద పిల్ల మొహంలోనే ఆ సంగతి తెలుస్తోంది. సైరన్ ఇప్పుడు బల్ల తిరగబడుతుంది, పావులు గాల్లోకి లేస్తాయి అని కళ్ళు సగం మూసుకుంది. బుజ్జి తన రాజుని మెల్లగా పడుకోబెట్టింది. చెయ్యి చాపింది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. అంతటితో అయిపోలేదు. పావులన్నీ మళ్ళీ పేర్చుకుని, తలలు దగ్గర పెట్టుకుని, ఇద్దరూ ఆ ఓడిపోయిన ఆటనే మొదటి నుంచి చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఓడిపోయి నవ్వుతావేంటే?" అంది సైరన్, పిల్ల బయటికి రాగానే.

"ఎక్కడ తప్పు చేశానో ఆ అక్కే చూపించిందమ్మా. నేను నా ఎత్తు ఒక్కటే చూసుకున్నా. తను ఏం వేస్తుందో చూడలేదు."

సైరన్ నిర్ఘాంతపోయింది. వాళ్ళ వంశంలో వాదనలో ఓడిపోయినట్టు ఒప్పుకున్నవాళ్ళు లేరు. తప్పు ఎక్కడుందో శత్రువుని అడిగి తెలుసుకున్నవాళ్ళు అసలే లేరు. ఇది నా కడుపునే పుట్టిందా అన్నట్టు ఇంటిదాకా పిల్ల వంకే చూస్తూ నడిచింది.

ఆ వారమే లైబ్రరీ టీచరు ఇంట్లో సాధన చేసుకోమని బుజ్జికి ఒక పాత చదరంగం గడియారం ఇచ్చింది. కొయ్యపెట్టెలో పక్కపక్కనే రెండు గడియారాలు, పైన రెండు మీటలు. ఒకరు తన ఎత్తు వేసి మీట నొక్కితే తన గడియారం ఆగి ఎదుటివాళ్ళది నడుస్తుంది. సమయం అయిపోగానే చిన్న ఎర్ర జెండా టప్పున కిందకి పడుతుంది. తమ్ముడు దాన్ని విప్పి చూస్తానన్నాడు. బుజ్జి దాన్ని దిండు కింద దాచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల బల్ల దగ్గరున్నారు. ముందు గదికి రంగు వేయించాలని మాట వచ్చింది. సైరన్ ఆకుపచ్చ అంది. వాళ్ళమ్మ మీగడ రంగంది. తమ్ముడు నీలమన్నాడు. "నీలం ఆసుపత్రిలా ఉంటుంది." "మీగడ రంగు వేస్తే నీ నూనె తల ఆనిన చోటల్లా మరకే." "ఆకుపచ్చ వేస్తే దోమలొస్తాయి." "రంగుకీ దోమలకీ ఏం సంబంధంరా?" "నీ మాటకీ గోడకీ ఏం సంబంధమే?" గిన్నెలు మోగుతున్నాయి. గొంతులు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. భర్త తల వంచుకుని కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు. ముందు రోజు జ్వరమని బస్సు ఎక్కలేదు. జ్వరమొచ్చిన మొహంలా లేదని కూడా ఎవరూ గమనించలేదు.

బుజ్జి లేచి లోపలికి వెళ్ళి గడియారం తెచ్చి బల్ల మధ్యలో, కూర గిన్నె పక్కన పెట్టింది.

"ఏంటే ఇది, అన్నం దగ్గర?"

"ఎవరి గడియారం నడుస్తుంటే వాళ్ళే మాట్లాడాలి. ఇంకెవరూ మాట్లాడకూడదు. జెండా పడితే ఆపెయ్యాలి" అంది బుజ్జి. "నాకు తల నొప్పొస్తోంది."

తమ్ముడు నవ్వాడు. ఆట బాగుందన్నాడు. ముందు అమ్మమ్మ మాట్లాడింది. సగంలోనే చెప్పాల్సింది అయిపోయి, ఎవరూ అడ్డం రాకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక, ఇంకోసారి మొదటి నుంచీ అదే చెప్పింది. తమ్ముడి జెండా పడేలోగా నీలం రంగు మీద వాడికే మోజు తగ్గింది. సైరన్‌కి మాట్లాడటం సులువే అయింది. మిగతావాళ్ళ వంతులప్పుడు పెదవులు బిగబట్టుకుని కూర్చోవడమే ప్రాణాంతకమైంది. రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ బుజ్జి వేలు చూపించింది.

"ఇప్పుడు నాన్న" అంది బుజ్జి.

"మీ నాన్నకేముందే, ఏ రంగైనా సరే అంటారు" అంది సైరన్.

"అమ్మా, నాన్న గడియారం నడుస్తోంది."

ఆయన తలెత్తాడు. ఏమీ అనలేదు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు ఆ గదిలో అదివరకు ఎప్పుడూ వినపడలేదు. కింద చెప్పుల షాపు వాడు ఎవరితోనో బేరమాడటం వినపడింది. సైరన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన ఆ గడియారం వంక చూశాడు, ఇంత సమయం నిజంగా నాదేనా అన్నట్టు.

"నాకు ఎడమ కన్ను కనపడట్లేదు" అన్నాడు.

తమ్ముడు కంచం పక్కకి జరిపాడు.

"ముందు నల్లటి చుక్కలు ఎగిరాయి. తర్వాత మెరుపుల్లా వచ్చాయి. ఇప్పుడు పక్క నుంచి తెర దించినట్టు సగం చీకటి. శుక్రవారం నాడు మార్కెట్ మలుపులో ఎడమ పక్క నుంచి సైకిలు మీద ఒక పిల్ల వచ్చింది. నేను చూడలేదు. బస్సులో జనం అరిస్తే బ్రేకు వేశాను. సైకిలు చక్రం బంపర్‌కి తగిలింది. పిల్లకి ఏమీ కాలేదు." ఆయన కూతురి వంక చూశాడు. "మన బుజ్జంతే ఉంటుంది. రెండు జడలు. నా వంక చూసి, తనదే తప్పన్నట్టు సారీ అంకుల్ అంది. బస్సు చివరి స్టాపు దాకా ఎలా తీసుకెళ్ళానో నాకే తెలీదు. తాళాలిచ్చేసి జ్వరమని చెప్పొచ్చాను. రేపు పొద్దున మళ్ళీ డ్యూటీ ఉంది."

జెండా టప్పున పడింది. బుజ్జి చెయ్యి చాపి, ఎవరికీ చెప్పకుండా, ముల్లు వెనక్కి తిప్పి గడియారాన్ని మళ్ళీ తండ్రి వైపే నడిపించింది.

సైరన్ నోటి మీది చేతులు తీసింది. అరుద్దామనుకుంది. ఎన్నాళ్ళ నుంచి, ఎందుకు చెప్పలేదు, మీకేమైనా బుద్ధుందా అని అరుద్దామనుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట మింగేసింది. ఎందుకంటే ఎందుకు చెప్పలేదు అనే ప్రశ్నకి జవాబు ఆమెకే గుర్తొచ్చింది.

ఆయన చెప్పాడు. ఒకరోజు చెయ్యి కడుక్కుంటూ, "కంట్లో ఏదో నల్లగా తిరుగుతోంది..." అన్నాడు. "బస్సు దుమ్మండీ, నీళ్ళు కొట్టుకోండి" అంది తను. ఇంకోరోజు పడుకోబోతూ, "ఎడమ పక్క..." అన్నాడు. "ఎడమ పక్కకి తిరిగి పడుకోవద్దన్నానా, గుండెకి మంచిది కాదు" అని దీపం ఆర్పేసింది. శుక్రవారం సాయంత్రం యూనిఫారంతోనే సెలూన్ గుమ్మంలో నిలబడి, "నీతో ఓ మాట..." అన్నాడు. డ్రయ్యరు ఆపకుండానే, "చూస్తున్నారుగా, ఇద్దరు కూర్చునున్నారు, పైకెళ్ళి తినండి" అంది. మెట్ల వైపు వెళ్తూ ఆయన గోడ పట్టుకున్నాడు. అద్దంలో అది కనపడింది కూడా. కనపడినా చూడలేదు.

"అక్కా" అన్నాడు తమ్ముడు మెల్లగా. వాడి నోట మెల్లటి గొంతు విని ముసలావిడ ఉలిక్కిపడింది. "బావని ఇప్పుడే తీసుకెళ్దాం. నేను ఆటో పిలుస్తా."

కంటి ఆసుపత్రిలో ఆదివారం అత్యవసర విభాగం ఒక్కటే తెరిచి ఉంది. పొడుగాటి నడవాలో ఒక్క లైటు, కాళ్ళకి చల్లగా తగిలే నేల. డాక్టరమ్మ వయసులో చిన్నది. కంట్లో మందు చుక్కలు వేసి, ఏదో యంత్రం ముందు ఆయన గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. కంటి లోపలి పొర గోడకి అంటుకున్న కాగితంలా ఊడి వస్తోందని చెప్పింది. ఆపరేషన్ రేపే చెయ్యాలంది. ఇంకొన్నాళ్ళు ఆగితే ఆ కన్ను పూర్తిగా పోయేదంది.

"ఇన్ని రోజులు ఎవరికీ చెప్పకుండా ఎలా ఊరుకున్నారండీ?" అంది కాస్త కోపంగా.

ఆయన సైరన్ వంక చూడకుండా, "నాదే ఆలస్యమమ్మా" అన్నాడు.

"కాదండీ" అంది సైరన్. చిన్న గొంతుతో అంది. పక్కనున్న తమ్ముడికి కూడా సరిగ్గా వినపడలేదు. డాక్టరమ్మ ఏమిటన్నట్టు ముందుకి వంగింది. "ఆయన చెప్పారండీ. మూడు సార్లు చెప్పబోయారు. నేనే చెప్పనివ్వలేదు."

డాక్టరమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఒక మాట అని ఉంటే బాగుండేదని సైరన్ తర్వాత చాలా రోజులు అనుకుంది.

ఆపరేషన్ అయింది. కంటి లోపల గాలి బుడగ పెట్టారు. అది ఆ పొరని వెనక్కి నొక్కి ఉంచాలంటే మనిషి కొన్నాళ్ళు బోర్లా పడుకునే ఉండాలన్నారు. తినేటప్పుడూ స్నానానికీ తప్ప తల ఎత్తకూడదు. బస్సు సీట్లో నిటారుగా కూర్చుని బతికిన మనిషి, మంచం అంచు మీదుగా మొహం వేలాడేసుకుని, నేల మీది పగుళ్ళు చూస్తూ పడుకున్నాడు. ఇంట్లో ఎవరూ అరవలేదు. అరవకూడదని ఎవరూ అనుకోలేదు, అయినా ఒక్క గొంతూ లేవలేదు. పైకొచ్చిన పాలవాడు తప్పు ఇంటికి వచ్చాననుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

సైరన్‌కి ఆ రోజుల్లో నిద్రలో కూడా సైకిలు మీద ఒక పిల్ల కనిపించేది. రెండు జడలు. ఒక్కోసారి ఆ పిల్ల మొహం బుజ్జి మొహమయ్యేది. సెలూన్‌లో కత్తెర పట్టుకోబుద్ధి కాలేదు. వారంపాటు తలుపు మూసేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లోంచి గదిలోకి వచ్చేసరికి, బుజ్జి నేల మీద కూర్చుని ఉంది. మంచం అంచు కింద, తండ్రి మొహానికి సరిగ్గా దిగువన, చదరంగం బల్ల పరిచి ఉంది. ఆయన చెయ్యి కిందకి చాచి, మంచి కంటితో చూసుకుంటూ, ఒక బంటుని తడబడుతూ ముందుకి జరిపాడు.

"అలా వేస్తే నా గుర్రం ఏం చేస్తుంది నాన్నా? ముందు అది చూసుకో."

"అవునే. ఇది మా బస్సు లాంటిదే. మనం ఎటు తిప్పుతున్నామన్నది ఒక్కటే చూసుకుంటే చాలదు, ఎదుటోడు ఎటొస్తాడో కూడా చూసుకోవాలి. మా రూట్లో ఒక ఆటోవాడున్నాడు, వాడు చేతులెత్తి దణ్ణం పెట్టి మరీ అడ్డం వస్తాడు..."

సైరన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆటోవాళ్ళ సంగతి తనకీ తెలుసు, చెప్పడానికి నాలుక మీద పది మాటలున్నాయి. బుజ్జి తలెత్తి తల్లిని చూసింది. ఈసారి వేలు చూపించలేదు. సైరన్ వెళ్ళి గోడకి ఆనుకుని నేల మీద చతికిలబడింది. అక్కడి నుంచి చూస్తే ఆయన మొహం తలకిందులుగా కనపడుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని ఇంతసేపు చూసింది లేదు. కనుబొమ్మ పక్కన చిన్న మచ్చ ఉంది. అది ఎలా వచ్చిందో ఆమెకి తెలియదు.

"అదెలా తగిలిందండీ?" అంది. అడిగి, జవాబు చెప్పకుండా ఆగింది. ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఆయన చెప్పాడు. చిన్నప్పుడు ఊయల మీద నుంచి పడ్డాడు. ఆ కథలో వాళ్ళన్నయ్య వచ్చాడు, ఎవరిదో కుక్క వచ్చింది, కుట్లు వేసిన కాంపౌండరు తాగి ఉన్నాడు, ఆ కాంపౌండరు కూతురే తర్వాత ఈయన పనిచేసే డిపోలో కండక్టరైంది. కథ పూర్తయ్యేసరికి బుజ్జి ఆట కట్టించేసింది. ఆయన గమనించలేదు, ఇంకో కథలోకి వెళ్ళిపోయాడు.

సైరన్ నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయింది. ఇంత ఉందా ఈ మనిషి లోపల?

ఆ బోర్లా పడుకున్న రోజులన్నీ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. రోజూ ఒకే సీట్లో కూర్చుని ఏడ్చి, దిగేముందు మొహం తుడుచుకునే ఒక గుమస్తా గురించి చెప్పాడు. పెళ్ళిచూపుల్లో సైరన్‌తో ఒక్క మాట అనలేకపోయి బయటికొచ్చి నవ్వుకున్న సంగతి చెప్పాడు. అత్తగారంటే మొదటి రెండేళ్ళూ ప్రాణభయంగా ఉండేదన్నాడు. పక్క గదిలోంచి ముసలావిడ, "ఇప్పుడు లేదేంటి?" అంది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అందరూ నవ్వారు.

ఎడమ కంటి చూపు పూర్తిగా రాలేదు. ఆకారాలు కనపడతాయి, అక్షరాలు కనపడవు. బస్సు ఇక నడపకూడదన్నారు. ఆ మాట విన్న రోజు ఆయన చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. సైరన్ పక్కనే నిలబడింది. ఏదో ఒకటి అనేసి ఆ క్షణాన్ని దాటించెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. అనలేదు. కాసేపటికి ఆయనే, "పోనీలే. ఆ పిల్ల బతికే ఉందిగా" అన్నాడు. కంపెనీవాళ్ళు ఆయన్ని డిపోలోనే ఉంచి, కొత్తగా చేరే డ్రైవర్లకి పాఠాలు చెప్పే పనిలో పెట్టారు.

బుజ్జి పెద్ద ఆటగత్తె ఏమీ కాలేదు. పోటీల్లో ఎక్కువగా మధ్యలోనే ఉండేది, ఒక్కోసారి కిందనుంచి మొదటిది. క్లాసులో మాత్రం ప్రశ్న పూర్తయ్యాక చెయ్యెత్తడం నేర్చుకుంది. ఇంట్లో అరుపులు మెల్లమెల్లగా మళ్ళీ మొదలయ్యాయి. పుట్టుకతో వచ్చిన గొంతులు ఎక్కడికి పోతాయి? ముందు గది గోడలకి ఏ రంగూ పడలేదు. అయితే ఎవరైనా "ఉండండి, నన్ను చెప్పనివ్వండి" అంటే మిగతావాళ్ళు కిక్కురుమనకుండా ఆగేవాళ్ళు. సైరన్ అందరికంటే ముందు ఆగేది. ఆగిన ప్రతిసారీ ఆమె మొహంలో ఒక భయం కదిలేది.

ఏడాది తిరిగాక ఒకరోజు సెలూన్‌కి ఒక కొత్తమ్మాయి వచ్చింది. సిటీ బస్సు డ్రైవరుగా శిక్షణలో ఉందట. అప్పటికే వీధిలోవాళ్ళు ఇద్దరు తమ వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

"జుట్టు కళ్ళల్లో పడకుండా చెయ్యండక్కా. దీని గురించి మా సారు పొద్దున అరగంట చెప్పారు."

"జుట్టు గురించి అరగంటా?"

"అది తక్కువండీ. నిన్న అద్దం తుడవడం గురించి పూటంతా చెప్పారు. మధ్యలో ఎవరిదో కుక్క కథ ఒకటి. బాబోయ్, ఆయన నోటికి బ్రేకుల్లేవక్కా. ఇంట్లోవాళ్ళు ఎలా భరిస్తున్నారో!"

కత్తెర గాల్లో ఆగిపోయింది. బెంచీ మీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ... ఏ సారమ్మా?" అంది సైరన్.

"నల్లద్దాలు పెట్టుకుంటారే, ఆయన. అడిగాం కూడా. సార్, ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారా అని. మా ఆవిడ మితభాషి, నేను చెబుతుంటే అడ్డం రాకుండా వింటుంది అన్నారు. ఎంత అదృష్టవంతుడో చూడండి."

బెంచీ మీది ఇద్దరిలో ఒకావిడకి తాగుతున్న టీ పొలమారి ముక్కులోంచి వచ్చింది. రెండో ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. సైరన్ కత్తెర పట్టుకుని అద్దంలో తనని తాను చూసుకుంటూ కొయ్యబొమ్మలా నిలబడింది. ఆ తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఎంత పెద్దదంటే చెప్పుల షాపు వాడు బయటికొచ్చి ఏమైందేమైందని తలుపు కొట్టాడు. కుర్చీలో అమ్మాయి మాత్రం ఏమీ అర్థంకాక, మెడ చుట్టూ గుడ్డతో, ముగ్గురి వంకా బిత్తరపోయి చూస్తూ కూర్చుంది.